ప్రొడ్యూసరంటే ఎవరమ్మా?

రాత్రి పదకొండింటికి తలుపు తట్టాడు మా తమ్ముడు. చేతిలో ఎనిమిది పేజీల కాగితాల కట్ట. మొహం మాత్రం మతాబాలా వెలిగిపోతోంది.

"అక్కా, రేపు పది గంటలకల్లా సంతకం పెట్టి ఇచ్చెయ్యాలిట. ఒక్కసారి చూసి పెట్టవూ?"

మా ఇంట్లో ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా నా దగ్గరికే వస్తుంది. బి.ఏ. చదివాను, పత్రికలకు రాస్తుంటాను గనక నాకు అన్నీ తెలుసని మావాళ్ల నమ్మకం. కరెంటాఫీసు నోటీసు దగ్గర్నుంచి బ్యాంకు లోను దాకా ఇదే తంతు. సరే, కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను.

ముందు మావాడి సంగతి చెప్పాలి. సినిమా పాటలకు ప్రోగ్రామింగు చేస్తాడు. సంగీత దర్శకుడు హార్మోనియం మీదో, ఫోన్లో కూనిరాగం తీసో ఒక బాణీ ఇస్తాడు. దానికి తాళం, డోలు, వయొలిన్లు, ఫ్లూటు, గిటారు అన్నీ కంప్యూటర్లో అమర్చి, పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే బిట్లు అల్లి, గాయకులొచ్చి పాడేందుకు వీలుగా పాటను నిలబెట్టేది మావాడు. ఇదివరకు ఈ పని చేసేవాళ్లని అరేంజర్లనేవారు. తర్వాత ప్రోగ్రామర్లన్నారు. ఇప్పుడు స్టూడియోల్లో ముద్దుగా 'మ్యూజిక్ ప్రొడ్యూసర్' అంటున్నారు. పేరు పెద్దదైంది. జీతమా? ఆ మాట తర్వాత చెప్పుకుందాం.

ఆ సినిమాలో అయిదు పాటలు. అయిదింటికీ మావాడే పనిచేశాడు. ఆడియో హక్కులు కొనే కంపెనీవారు, పాటల్లో చెయ్యిపెట్టిన ప్రతివాళ్ల చేతా సంతకాలు తెమ్మన్నారు. ఆ కాగితం ఇది. రావలసిన డబ్బులో సగం ఈ సంతకం మీదే ఆగివుంది.

మూడో పేజీలో వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో చూడు... డిజిటల్ పంపిణీ మీద వచ్చే ఆదాయమూ రాయల్టీలూ అన్నీ ప్రొడ్యూసరువే అని రాశారు. ప్రొడ్యూసరంటే నేనేగా!"

దాచడమెందుకు... నేనూ నమ్మాను! "అదృష్టవంతుడివిరా" అన్నాను. అమ్మ అంత రాత్రప్పుడు పంచదార డబ్బా తెచ్చి అందరి నోళ్లూ తీపి చేసింది.

వరండాలో మడత మంచం మీద పడుకున్న నాన్న మాత్రం లేవలేదు. చీకట్లోంచే అడిగారు.

"ప్రొడ్యూసరంటే ఎవరమ్మా? డబ్బు పెట్టేవాడా, వాయించేవాడా?"

పంచదార నా నాలుక మీదే ఉండిపోయింది.

రెండో వరుసలో నాలుగో వయొలిన్

నాన్న అడిగారంటే ఊరికే అడగరు. 1970ల చివర్నుంచి పదిహేనేళ్లపాటు మద్రాసులో సినిమా ఆర్కెస్ట్రాల్లో వయొలిన్ వాయించారు. ఆయన మాటల్లో చెప్పాలంటే 'రెండో వరుసలో నాలుగో వయొలిన్'. పొద్దున్నే స్టూడియోకు వెళ్లడం, నొటేషన్ రాసుకోవడం, రిహార్సలు, టేకు. పాట ఓకే కాగానే ప్రొడక్షన్ మేనేజరు ఓచరు పుస్తకం పట్టుకొచ్చేవాడు. రెవెన్యూ స్టాంపు మీద సంతకం, జేబులో డబ్బు. ఆ పాటకూ ఆయనకూ అంతటితో ఋణం తీరిపోయినట్టే.

తీరిందా నిజంగా?

మా వీధి చివర మందుల షాపాయన ఫోనుకు చాలాకాలం ఒక పాత పాట కాలర్ ట్యూనుగా ఉండేది. అందులో చరణానికి ముందు వయొలిన్ల బిట్టు ఒకటుంది. నాన్న వాయించిన పాట అది. షుగరు మాత్రలు ఇంట్లో ఉండగానే నాన్న ఆ షాపుకు ఫోను చేసేవారు. అవతల ఆయన చప్పున ఎత్తేస్తే చిరాకుపడేవారు. బిట్టు వచ్చేదాకా ఎత్తకపోతే ఆ పూటంతా హుషారుగా ఉండేవారు. ఆ ట్యూను కోసం షాపాయన నెలనెలా డబ్బు కట్టేవాడు. అందులో రెండో వరుస నాలుగో వయొలిన్‌కు ఎంత వస్తుంది అని ఒకసారి నేను తమాషాకి అడిగాను.

"రాయల్టీ అనే మాట మా వరుస దాకా రాలేదమ్మా" అన్నారాయన, నవ్వుతూనే.

ఆ రాత్రి మాత్రం నవ్వలేదు. లేచి కూర్చుని ఇలా అన్నారు:

"మాది కాల్‌షీటు బతుకు. ఇవాళ ఒక పాటయితే రేపింకొక పాట. అరవై మంది కూర్చుని వాయించేవాళ్లం, అరవై మందికీ ఓచర్లుండేవి. ఇప్పుడా అరవై మందినీ వీడొక్కడే పెట్టెలో పెట్టుకు తిరుగుతున్నాడు. పని అరవై మందిది, సంతకం ఒక్కడిది. కాస్త చూసి పెట్టించు."

మర్నాడు పదింటికి కాగితం వెళ్లలేదు. "రెండు రోజులు టైమివ్వండి" అని మావాడి చేత ఫోను చేయించాను. చేస్తున్నప్పుడు వాడి గొంతు వణికింది. నాకు వినిపించింది.

చట్టంలో వాడి పేరేదీ?

తెలిసిన లాయరుగారి దగ్గరికి వెళ్లాం. పెద్దాయన. కాగితం చదివి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "మీ నాన్నగారు లాయరు కావలసినవారమ్మా" అన్నారు.

స్టూడియోలో ప్రొడ్యూసరు వేరు, చట్టంలో ప్రొడ్యూసరు వేరు. 1957 నాటి కాపీరైటు చట్టంలో ప్రొడ్యూసరంటే, సినిమాగానీ రికార్డింగుగానీ తయారు కావడానికి పూనుకుని బాధ్యత నెత్తిన వేసుకున్న వ్యక్తి. అంటే మన వ్యవహారంలో సినీ నిర్మాత, లేదా ఆడియో కంపెనీ. పాట రాసినవారికి సాహిత్యం మీద హక్కు. బాణీ కట్టినవారికి సంగీతం మీద హక్కు. 'మ్యూజిక్ ప్రొడ్యూసర్' అనే మాట ఆ చట్టంలో ఎక్కడా లేదు!

2023 మార్చిలో 'నాటు నాటు' పాటకు ఆస్కార్ వచ్చి కీరవాణి, చంద్రబోస్ వేదికెక్కినప్పుడు మనమంతా పండగ చేసుకున్నాం. ఆ బహుమతి కూడా బాణీ కట్టినవారికీ, పాట రాసినవారికీ ఇచ్చేదే. చట్టం చూపూ అలాంటిదే. బాణీకీ మాటకీ మధ్యలో నిలబడి పాటకు ఒళ్లూ కాళ్లూ అతికించేవాణ్ణి అది పేరు పెట్టి పిలవదు.

"అయితే వీడికి దారే లేదా?" అన్నాను.

"రెండు గుమ్మాలున్నాయమ్మా" అన్నారాయన. బిట్లు వీడు సొంతంగా కట్టి ఉంటే, సంగీత దర్శకుడితోపాటు తానూ సహ రచయితనని వాదించవచ్చు. అది మొదటి గుమ్మం. కీబోర్డు వీడు స్వయంగా వాయించి ఉంటే, వాద్యకారుడిగా 'పెర్ఫార్మర్' అవుతాడు. వాణిజ్యపరంగా వాడుకున్నప్పుడు పెర్ఫార్మరుకు రాయల్టీ పొందే హక్కు చట్టంలో ఉంది. అది రెండో గుమ్మం.

మావాడి కాగితంలో నాలుగో షరతు మొదటి గుమ్మం మూసేసింది - నేను చేసిన సృజనంతా సంగీత దర్శకుడిదే అని. ఆరో షరతు రెండోది మూసేసింది - పెర్ఫార్మరుగా నాకు రాయల్టీ వద్దు అని. ఇంతకీ ఇవి చదవకుండానే మేం పంచదార తిన్నాం!

లాయరుగారు మరో మాట చెప్పారు. అది విన్నాక మా నాన్న గుర్తొచ్చారు. సినిమాలో ఒకరి ప్రదర్శన ఏదో యాదృచ్ఛికంగా, పైపైన ఉండి, పరిశ్రమ రివాజు ప్రకారం వాళ్ల పేరు టైటిల్స్‌లోగానీ మరెక్కడగానీ వెయ్యకపోతే వాళ్లని చట్టం దాదాపుగా పెర్ఫార్మరు కిందే లెక్కకట్టదుట. అంటే తెర మీద పేరు పడడం గొప్ప కోసం కాదు. రేపు హక్కు అడగడానికి నిలబడే చోటు అది. పదిహేనేళ్లలో ఒక్క సినిమాలో కూడా మా నాన్న పేరు పడలేదు.

పాట ముందు... కాగితం వెనక

ఈ చరిత్ర కాస్త ఓపిగ్గా వినాలి.

1977లో ఒక పెద్ద కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక పక్క రచయితలూ సంగీతజ్ఞుల సంఘమైన ఐ.పి.ఆర్.ఎస్., మరో పక్క చిత్ర నిర్మాతల సంఘం. నిర్మాత డబ్బిచ్చి పాట చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకు దాని మొదటి యజమాని నిర్మాతే అంది కోర్టు. ఆ తీర్పుకు చివర జస్టిస్ కృష్ణయ్యర్ తన మాట విడిగా కలిపారు. కచేరీకి విలువ తెచ్చేది పాడి వినిపించే కళాకారుడైతే అతనికే హక్కు లేకపోవడం మన సంప్రదాయం కాదని బాధపడ్డారు. పార్లమెంటు ఆ సంగతి చూడాలన్నారు. పాడేవాళ్లకూ వాయించేవాళ్లకూ చట్టంలో చోటు దొరికేసరికి 1994 అయింది. అంటే పదిహేడేళ్లు! అప్పటికి మా నాన్న మద్రాసు వదిలేసే రోజులొచ్చాయి.

ఈలోగా గ్రామఫోను రికార్డు పోయి కేసెట్టు, కేసెట్టు పోయి సీడీ, ఆ వెనక కాలర్ ట్యూను వచ్చాయి. కొత్త సరుకు వచ్చిన ప్రతిసారీ పాత కాగితాలు తీసి 'ఇదీ మాదే' అన్నవాళ్లే లాభపడ్డారు.

2012లో పెద్ద సవరణ వచ్చింది. జావేద్ అఖ్తర్ రాజ్యసభలో దానికోసం గట్టిగా మాట్లాడారు. ఆ ఏడు జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చిన ఆ సవరణ ప్రకారం, సినిమా హాల్లో సినిమాతోపాటు వినిపించడం తప్పించి మరే రూపంలో పాటను వాడుకున్నా వచ్చే రాయల్టీలో రచయితకూ సంగీత దర్శకుడికీ సమాన వాటా. దాన్ని వదులుకుంటామని వాళ్లు రాసిచ్చినా చెల్లదు! ఇంకొక మంచి మాటా చేర్చారు. హక్కులు రాసిచ్చే నాటికి లేని మాధ్యమం, వాణిజ్యపరంగా వాడుకలో లేని మాధ్యమం తర్వాత వస్తే, కాగితంలో దాన్ని ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప అది చేతులు మారదు. హక్కు ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లే. ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే.

అందుకే ఇప్పటి కాగితాల్లో 'శాశ్వతంగా', 'విశ్వమంతటా', 'ఇప్పుడున్న, ఇకముందు కనిపెట్టబోయే మాధ్యమాలన్నిటా' అని అంతంత పొడుగు మాటలు! మావాడి కాగితం ప్రకారం చంద్రమండలంలో పాట వేసినా వాడికేమీ రాదు.

గాయకుల హక్కుల సంఘం 2013లో చట్టప్రకారం రిజిస్టరైంది, తర్వాత వాద్యకారులకూ అందులో చోటిచ్చారు. మంచిదే. కానీ గమనించండి - ఈ వరుసలో రచయిత ఉన్నాడు, సంగీత దర్శకుడున్నాడు, గాయకుడున్నాడు. ప్రోగ్రామరు అనే పేరుతో మాత్రం కుర్చీ లేదు. చట్టంలో పేరు లేనివాడికి కాగితమే దిక్కు. ఆ కాగితం రాసేది అవతలివాడు.

అవతలివాడంటే రాక్షసుడనుకోకండి. మా సంగీత దర్శకుడు మంచివాడే. ఆయనదీ 'ప్యాకేజీ' బతుకు. నిర్మాత ఒక మొత్తం ఇస్తాడు. స్టూడియో అద్దె, గాయకులు, వాద్యకారులు, ప్రోగ్రామరు, మిక్సింగు - అన్నీ అందులోంచే. మిగిలింది ఆయనది. ప్యాకేజీలో మావాడు ఒక ఖర్చు పద్దు మాత్రమే.

ఇంతా చెప్పి నా సంగతి చెప్పకపోతే అన్యాయం. కొన్నేళ్ల కిందట ఒక పత్రికకు పాతతరం వాద్యకారుడితో ఇంటర్వ్యూ రాసిచ్చాను. చెక్కు పుచ్చుకున్నాను. తర్వాత అదే ఇంటర్వ్యూ అక్షరం పొల్లుపోకుండా ఎవరో అమ్మాయి చదవగా వీడియోగా వచ్చింది. నా పేరు లేదు. అడిగితే నా సంతకమే నాకు చూపించారు. పైన 'ఏ రూపంలోనైనా' అని రెండే రెండు మాటలు! ఇంట్లోవాళ్లు నన్ను కాగితాల్లో పండితురాలినని అనుకుంటున్నారు. వాళ్లకీ సంగతి చెప్పలేదు.

డెట్రాయిట్ చెప్పిన పాఠం

ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో ఎమినెమ్ అనే ర్యాప్ గాయకుడి పేరు కుర్రకారందరికీ తెలుసు. పేరు లేని రోజుల్లో, 1995లో, అతన్ని చేరదీసి పాటలు చేయించింది డెట్రాయిట్‌లోని ఎఫ్.బి.టి. ప్రొడక్షన్స్. తర్వాత పెద్ద కంపెనీతో జరిగిన ఒప్పందంలో, రికార్డు అమ్ముడుపోతే వీళ్ల పక్షానికి 12 నుంచి 20 శాతం, మాస్టరును లైసెన్సుకిస్తే సగం అని రాసుకున్నారు. తర్వాత ఇంటర్నెట్‌లో పాటల డౌన్‌లోడ్లు వచ్చిపడ్డాయి. డౌన్‌లోడంటే అమ్మకమా, లైసెన్సా? కంపెనీ అమ్మకమంది. వీళ్లు లైసెన్సన్నారు. 2009లో ఓడిపోయారు. 2010లో పైకోర్టులో గెలిచారు. ఒక్క మాటకు అర్థం తేలడానికి ఏళ్లు పట్టింది. చివరికి 2012లో రాజీ అయింది.

2018లో అక్కడ వచ్చిన సంగీత చట్టం, పాటకు పనిచేసిన ప్రొడ్యూసర్లకూ ఇంజనీర్లకూ ఒక దారి చూపింది. గాయకుడు ఒక ఉత్తరం రాసిస్తే చాలు, డిజిటల్ రేడియోల వంటి వాటి మీద అతనికొచ్చే రాయల్టీలో వీళ్ల వాటా వసూలు సంస్థే నేరుగా వీళ్లకు పంపుతుంది. ఆ చట్టంలో 'ప్రొడ్యూసర్' అంటే అచ్చంగా మావాడిలాంటివాడే. చదివి మావాడు "అక్కా, మనకీ అలాంటిదొకటి వస్తుందా?" అన్నాడు. వచ్చేదాకా ఏం చెయ్యాలో ఆలోచించమన్నాను.

అయిదు అడిగాం... మూడు దొరికాయి

మూడో రోజు ఆడియో కంపెనీ ఆఫీసుకు వెళ్లాం. అంతకు ముందు రాత్రి మావాడు నిద్రపోలేదు. "వీడితో గొడవెందుకని వేరే కుర్రాణ్ణి పెట్టుకుంటే?" అని వాడి బాధ. కీబోర్డు మీద వాయిదాలింకా ఉన్నాయి. నిజానికి నాకూ అదే భయం. బింకంగా కనిపించడం కోసం జరీ అంచు చీర కట్టుకున్నాను.

అయిదు కోరికలు ఒక కాగితం మీద రాసుకెళ్లాం.

ఒకటి: 'మ్యూజిక్ ప్రొడ్యూసర్' అనే తియ్యటి మాట తీసేసి 'ప్రోగ్రామరు, అరేంజరు, కీబోర్డు వాద్యకారుడు' అని రాయాలి. ప్రొడ్యూసరంటే ఎవరో మొదటి పేజీలోనే చెప్పాలి. రెండు: తెర మీదా, పాటను డిజిటల్ సంస్థలకు ఎక్కించేటప్పుడూ పేరు వెయ్యాలి. మూడు: పెర్ఫార్మరు రాయల్టీ వద్దనే ఆరో షరతు కొట్టెయ్యాలి. నాలుగు: ఫోన్లలో పాట విన్నందుకు కంపెనీకొచ్చే ఆదాయంలో చిన్న వాటా ఇవ్వాలి. అయిదు: ఏ మాధ్యమానికో విడివిడిగా పేర్లు రాసి, ఆరు నెలలకోసారి లెక్క చూపాలి.

రెండో దానిమీద ఎందుకంత పట్టు అని అక్కడి మేనేజరు అడిగాడు. ఫోన్లో పాట వింటే డబ్బు ఎలా నడుస్తుందో చూడండి. వినేవారి చందాలూ, ప్రకటనల డబ్బూ ఒక రాశిగా పోసి, ఎవరి పాట ఎన్నిసార్లు విన్నారన్న లెక్కన పంచుతారు. రికార్డింగు వాటా ఆడియో కంపెనీకి, సాహిత్య సంగీతాల వాటా ఐ.పి.ఆర్.ఎస్. వంటి సంఘాల ద్వారా ఆయా వ్యక్తులకు. మనిషి గుర్తుపట్టి ఇచ్చే డబ్బు కాదిది, యంత్రం గుర్తుపట్టి ఇచ్చేది. ప్రతి రికార్డింగుకూ ఐ.ఎస్.ఆర్.సి. అని 12 అక్షరాలూ అంకెల గుర్తు ఒకటుంటుంది. దానితోపాటు ఎవరెవరి పేర్లు ఎక్కిస్తే వాళ్లే ఆ పాటకు చుట్టాలు. మొదటిరోజు పేరు ఎక్కకపోతే ఆ తర్వాత తిరగాల్సిందే.

గంటన్నర బేరం. నాలుగోది వినగానే మేనేజరు నవ్వాడు. "మేడం, ఇది మొదలుపెడితే రేపు మైకు పట్టుకున్నవాడూ అడుగుతాడు" అన్నాడు. అడిగితే తప్పేమిటని నా నోటిదాకా వచ్చింది. మావాడు కింద నుంచి కాలు తొక్కాడు. అయిదోదీ కుదరదన్నారు. 'ఇకముందు కనిపెట్టబోయే మాధ్యమాలు' అలాగే ఉండిపోయాయి. మొదటి మూడూ ఒప్పుకున్నారు. మావాడు సంతకం పెట్టాడు.

గెలిచామా? లేదు. వాటా రాలేదు, లెక్కా రాదు. సహ రచయితననే గుమ్మం మూసే ఉంది. నాలుగో షరతు కదపాలంటే సంగీత దర్శకుడితోనే తగువు. అది మావాడికి ఇష్టం లేదు. కానీ రెండో గుమ్మం గొళ్లెం తీసి ఉంది.

ఇది చదివేవారిలో కీబోర్డు సంచి భుజాన వేసుకుని స్టూడియోల చుట్టూ తిరిగే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉంటారని నాకు తెలుసు. ఒక్క మాట చెబుతాను. కాగితం రాత్రి పదకొండింటికొచ్చి పొద్దున్న పదింటికి కావాలంటే, అందులో చదవాల్సింది ఏదో ఉందన్నమాట. ఒంటరిగా అడిగితే మూడు దొరికాయి. పదిమంది కలిసి అడిగితే నాలుగోది వినగానే ఎవరూ నవ్వరు.

పాటలు విడుదలైన రోజు సాయంత్రం నాన్న ఫోను తెమ్మన్నారు. పాట వినలేదు, ముందు పేర్ల పట్టీ తియ్యమన్నారు. గీత రచయిత, సంగీత దర్శకుడు, గాయకులు... అట్టడుగున 'ప్రోగ్రామింగ్, కీబోర్డ్స్' అని, పక్కన మావాడి పేరు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. అప్పుడు పాట వెయ్యమన్నారు. రెండో చరణం ముందు బిట్టు దగ్గర వేళ్లు తొడ మీద కదిలాయి.

"వయొలిన్లు బాగా పెట్టాడే" అన్నారు.

రాయల్టీ కింద రూపాయి ఇంకా రాలేదు. వస్తే ఏ గుమ్మానికి రావాలో, ఆ అడ్రసు మాత్రం రాసిపెట్టి ఉంది.